గుడ్డు, పాలు లేకుండా మూడు పొరల కేక్: మధ్యలో గుంట పడింది, ఎవరైనా కాపాడండి

కొత్తచెయ్యి • ఆదివారం రాత్రి 9:15
అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే తప్ప రాయడం ఇదే మొదలు. వచ్చే శనివారం కాక ఆ పై శనివారం మా మేనకోడలి పుట్టినరోజు, తొమ్మిదేళ్ళు నిండుతాయి. అక్కా బావా రెండేళ్ళుగా పూర్తిగా వీగన్, గుడ్డు పాలు వెన్న తేనె ఏవీ ఇంట్లోకి రావు. "మామయ్యా, కేక్ నువ్వే చెయ్యి, మూడు అంతస్తులుండాలి, పైనుంచి చాక్లెట్ కారుతుండాలి" అని పిల్ల ఫోన్లో అడిగితే ఆలోచించకుండా సరే అనేశాను. నేను జీవితంలో చేసిన కేకులు రెండు, రెండూ ప్యాకెట్ పిండితో.

ఇవాళ మొదటి ప్రయత్నం. మైదా 2 కప్పులు, చక్కెర కప్పు, బేకింగ్ సోడా 2 టీస్పూన్లు, అవిసె గింజల పొడి 2 టేబుల్‌స్పూన్లు నీళ్ళలో నానబెట్టి, బాగా మగ్గిన అరటిపండు ఒకటి, బాదం పాలు కప్పున్నర, నూనె అరకప్పు, వెనిగర్ ఒక చెంచా, వెనిల్లా. గుడ్లు లేవు కదా గాలి బాగా పట్టాలని ఎలక్ట్రిక్ బీటర్‌తో 5 నిమిషాలు కొట్టాను. 8 అంగుళాల టిన్ ఒక్కటే ఉంది, మొత్తం అందులోనే పోసి 180 డిగ్రీల దగ్గర పెట్టాను. 20 నిమిషాలకి గోపురంలా పొంగింది, సంబరపడి తలుపు తీసి ఫోటో తీశాను. 40 నిమిషాలకి బయటకి తీసేసరికి మధ్యలో గుంట. కోస్తే అడుగున అంగుళం మందాన జిగురు, రుచి చూస్తే సబ్బు వాసన. గుడ్డు లేకపోవడం వల్లే ఇలా అయిందా? వేరే పొడి ఏదైనా కలపాలా?

వెనకగది • ఆదివారం రాత్రి 9:40
గుడ్డు పాపం ఏమీ చెయ్యలేదండి, అసలు అది అక్కడ లేదు కూడా. సోడా ఎక్కువ, కలపడం ఎక్కువ, ఒకే టిన్‌లో పిండి ఎక్కువ, తలుపు తొందరగా తీశారు. ఇదే పని గుడ్లు వేసి చేసినా గుంటే పడేది. కేకుల తయారీలో ఉన్నవాణ్ణి, రేపు తీరిగ్గా రాస్తా.

ఎందుకింతకష్టం • ఆదివారం రాత్రి 9:52
ఒక్క రోజుకి మామూలు కేక్ తింటే ఏమవుతుంది? గుడ్డూ వెన్నా లేనిదాన్ని కేక్ అనడమే నాకు అర్థం కాదు. పిల్లకి తెలుస్తుందా ఏంటి.

కొత్తచెయ్యి • ఆదివారం రాత్రి 9:58
పిల్లకి తెలియకుండా పెట్టే పని నేను చెయ్యనండి. తెలిసినరోజు ఇంకెప్పుడూ నా చేతి ముద్ద తినదు.

పిండిగిన్నె • ఆదివారం రాత్రి 10:20
బాగా చెప్పావు తమ్ముడూ. ఇక కేక్ అనచ్చా లేదా అన్నదానికి: మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో, తర్వాత 1930ల మాంద్యంలో అమెరికాలో గుడ్లూ పాలూ వెన్నా దొరక్క, కొనలేక, ఆడవాళ్ళు అవి లేకుండానే కేకులు చేసి పిల్లలకి పెట్టారు. కోకో, నూనె, వెనిగర్, సోడా, నీళ్ళతో చేసే ఆ చాక్లెట్ కేక్‌ని ఇప్పటికీ మొత్తం టిన్‌లోనే కలిపి చేసుకుంటారు. కాబట్టి ఇది కొత్తగా పుట్టిన ఫ్యాషన్ కాదు.

ఇప్పుడు నీ కేక్ సంగతి. కేక్‌లో గుడ్డు చేసే పనులు చాలా: వేడికి గట్టిపడి గోడలా నిలబెడుతుంది, నూనెనీ నీళ్ళనీ కలిపి ఉంచుతుంది, గాలి పట్టుకుంటుంది, తడి ఇస్తుంది. నువ్వు ఆ పనులన్నీ అవిసె గింజలకీ అరటిపండుకీ అప్పజెప్పావు. అవి జిగురూ తడీ ఇస్తాయంతే, తేలిక చెయ్యవు. కుకీలకీ మఫిన్లకీ అవిసె బాగుంటుంది, వెనిల్లా స్పాంజ్‌కి మాత్రం బరువు, పైగా నల్లటి చుక్కలు. లేయర్ కేక్‌కి ఆ రెండూ తీసెయ్యి. సోయా పాలల్లో ప్రొటీన్ ఎక్కువ, గుడ్డు చేసే పనిలో కొంత అదే చేస్తుంది. బాదం పాలు ఎక్కువ భాగం నీళ్ళే.

ఇంకో మాట, బీటర్ లోపల పెట్టెయ్. గుడ్ల తెల్లసొనని గిలకొడితే గాలి పడుతుంది, నిజమే. మైదాని తడిపి గిలకొడితే పట్టేది గాలి కాదు, సాగే గ్లూటెన్, అంటే మైదాలోని జిగురు ప్రొటీన్. నీకు జిగురు అక్కడినుంచే వచ్చింది. చేత్తో విస్క్ పట్టుకుని పొడి పిండి కనబడకుండా పోగానే ఆపు, చిన్న చిన్న ఉండలున్నా ఫర్వాలేదు.

తూకంరాళ్ళు • ఆదివారం రాత్రి 11:05
సబ్బు వాసన ఎందుకొచ్చిందో లెక్క చూపిస్తా, ఓపిక ఉంటే చదవండి. మామూలు వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం 5 శాతం. ఒక టేబుల్‌స్పూను అంటే 15 మి.లీ., అందులో ఆమ్లం 0.75 గ్రాములు. దానికి సరిపోయే సోడా సుమారు 1 గ్రాము, అంటే పావు టీస్పూనుకి కాస్త తక్కువ. మీరు వేసింది 2 టీస్పూన్లు, దగ్గరదగ్గర 10 గ్రాములు! మిగిలిన సోడాకి ఆమ్లం దొరక్క వేడికే విడిపోయి కొంత గ్యాస్ వదిలి, సోడియం కార్బొనేట్‌గా కేక్‌లో ఉండిపోయింది. మీ నోటికి తగిలిన సబ్బు అదే. గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ రావడంతో గోపురం లేచింది, లోపల పిండి ఇంకా గట్టిపడలేదు, తలుపు తియ్యగానే చల్లగాలి తగిలి కూలింది.

ఓవెన్‌ముందుకుర్చీ • ఆదివారం రాత్రి 11:20
ఆగండాగండి. నా చాక్లెట్ కేక్‌లో టీస్పూను సోడా, టేబుల్‌స్పూను వెనిగర్, కప్పున్నర మైదాకి. పదేళ్ళుగా చేస్తున్నా, సబ్బూ లేదు గిబ్బూ లేదు. మీ లెక్క ప్రకారం మా ఇంట్లో అందరూ ఈపాటికి నురగలు కక్కాలి.

తూకంరాళ్ళు • ఆదివారం రాత్రి 11:31
హహ. మీరు వాడే కోకో పొడి మామూలుది అయుంటుంది, దానికీ పులుపు ఉంటుంది, సోడాలో కొంత అది తింటుంది. మిగిలింది చాక్లెట్ ఘాటులో దాక్కుంటుంది, రంగు కూడా ముదురుగా వస్తుంది కాబట్టి మీకు లాభమే. తెల్లటి వెనిల్లా స్పాంజ్‌లో దాక్కోవడానికి చోటు లేదు. అందుకే వెనిల్లాకి బేకింగ్ పౌడర్‌నే నమ్ముకుని సోడా చిటికెడు దగ్గర ఆపాలి.

పిండిగిన్నె • సోమవారం ఉదయం 6:50
నా కొలతలు ఇస్తున్నా. కప్పులు వద్దు, తూకం మిషన్ కొనుక్కో లేదా ఎవరిదైనా అడిగి తెచ్చుకో. కప్పుతో మైదా తీస్తే ఒకసారి 120 గ్రాములు వస్తుంది, కుదించి నింపితే 150 వస్తుంది, కేక్ గట్టిపడితే మళ్ళీ గుడ్డునే తిట్టుకుంటావు.

మైదా 270 గ్రా., కార్న్‌ఫ్లోర్ 30 గ్రా., చక్కెర 230 గ్రా., బేకింగ్ పౌడర్ 2½ టీస్పూన్లు, సోడా పావు టీస్పూను, ఉప్పు అర టీస్పూను. ఇవన్నీ కలిపి ఒకసారి జల్లించు. తీపి లేని సోయా పాలు 300 మి.లీ.లో వెనిగర్ టేబుల్‌స్పూను వేసి 5 నిమిషాలు వదిలెయ్. వాసన లేని నూనె 110 మి.లీ., వెనిల్లా 2 టీస్పూన్లు ఆ పాలల్లోనే కలుపు. ఓవెన్ పూర్తిగా వేడెక్కి, టిన్‌లకి నూనె రాసి అడుగున బటర్ పేపర్ వేసి పెట్టుకున్నాక, అప్పుడు మాత్రమే తడినీ పొడినీ కలుపు. కలిపిన క్షణం నుంచే గ్యాస్ బయల్దేరుతుంది, ఫోన్ మోగినా ఎత్తకు. 170 డిగ్రీలు, ఫ్యాన్ ఓవెన్ అయితే 150. అరగంట లోపు తలుపు జోలికి పోకు. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, పొడి పలుకు ఒకటి అంటితే మంచిదే.

చక్కెర తగ్గించాలని చెయ్యి దురద పెడుతుంది, నాకు తెలుసు. తగ్గించకు. అది తీపి కోసం ఒక్కటే కాదు, కేక్ మెత్తగా, తడిగా ఉండేది దానివల్లే.

కొత్తచెయ్యి • సోమవారం మధ్యాహ్నం 1:10
అక్కా, చాలా థాంక్స్. వెనిగర్ వేస్తే పాలు విరిగిపోవా? పారబోయాలా? ఇంకోటి, 6 అంగుళాల టిన్‌లు మూడు కొనాలా, ఉన్న 8 అంగుళాల దాంట్లోనే మూడుసార్లు బేక్ చెయ్యాలా?

ఓవెన్‌ముందుకుర్చీ • సోమవారం మధ్యాహ్నం 1:22
విరగాలనే కదా వేసేది! ముద్దలు ముద్దలుగా చిక్కబడితే చూడ్డానికి అసహ్యంగా ఉన్నా సరిగ్గా అయినట్టు. ఓట్స్ పాలయితే అంతగా విరగవు, అయినా కేక్ పొంగుతుంది, పని చేసేది పులుపు కదా.

తూకంరాళ్ళు • సోమవారం మధ్యాహ్నం 2:00
పిండి కొద్దీ రొట్టె అన్నట్టు పిండి కొద్దీ టిన్. గుండ్రటి టిన్‌కి వెడల్పుని దానితోనే హెచ్చించి పోల్చుకోండి. 6 అంగుళాలది 36, మూడు కలిపి 108. 8 అంగుళాలది 64, రెండు కలిపి 128. పిండిగిన్నె గారి పిండి మొత్తం సుమారు 950 గ్రాములు, ఆరంగుళాల టిన్‌లు మూడింటికి తలా 315 చొప్పున చక్కగా సరిపోతుంది. మూడూ తూచి పొయ్యండి, కంటి అంచనా వద్దు. ఎనిమిదంగుళాల టిన్‌లో మూడుసార్లు అంటే రెండో విడత పిండి గిన్నెలో కూర్చుని గ్యాస్ పోగొట్టుకుంటుంది, అందుకే నేనైతే ఆరంగుళాలవి మూడు తీసుకుంటా. సన్నగా ఎత్తుగా ఉంటే పిల్లలకీ కోట లాగా కనిపిస్తుంది.

చిట్టిచీమ • సోమవారం రాత్రి 8:45
ఒక విషయం ఎవరూ చెప్పలేదు. మా బాబుకి పాలు పడవు, అందుకని ఏళ్ళ తరబడి ప్యాకెట్ల వెనక చిన్న అక్షరాలు చదివి చదివి కళ్ళజోడు వచ్చింది నాకు. కేక్ మీద వేసే క్రీమ్ డబ్బా మీద "నాన్ డైరీ" అని ఉంటే అది వీగన్ అనుకోకండి. చాలా వాటిలో సోడియం కేసినేట్ ఉంటుంది, అది పాల నుంచి తీసిన ప్రొటీనే. డార్క్ చాక్లెట్ కూడా పేరు చూసి నమ్మొద్దు, కొన్నిటిలో పాల కొవ్వు కలుపుతారు. వెన్నకి బదులు వాడే మార్జరిన్‌లలో కొన్నిటిలో పాల పొడి ఉంటుంది. పుట్టినరోజుకి వచ్చే పిల్లల్లో ఎవరికైనా అలర్జీ ఉంటే ఇంకో మెట్టు జాగ్రత్త పడాలి: వీగన్ అంటే పాలు కలపలేదని అర్థం, అదే ఫ్యాక్టరీలో పాలు తగల్లేదని కాదు. వాళ్ళ అమ్మానాన్నల్ని ముందే అడగండి.

రంగులపెట్టె • సోమవారం రాత్రి 9:30
+1. అలంకరణ సామాన్లలో ఇంకా దొంగలున్నారు. మెరిసే చక్కెర పూసల మీద పూత షెల్లాక్ అయి ఉండచ్చు (ప్యాకెట్ మీద ఇ904 అని ఉంటుంది), అది లక్క పురుగు ఇచ్చేది. ఎర్ర రంగు కార్మైన్ అయితే (ఇ120) అదీ పురుగులదే. ఇ901 తేనెమైనం. మార్ష్‌మాలోతో చేసిన ఫాండెంట్‌లో (కేక్ మీద పరిచే చక్కెర ముద్ద) జెలటిన్, అది జంతువుల నుంచి తీసేది.

పాపకి ఏ రంగు కావాలి? గులాబీ అయితే బీట్‌రూట్ పొడి ఫ్రాస్టింగ్‌లో (కేక్ మీద పూసే క్రీమ్) చాలా బాగుంటుంది. ఒక చిక్కు, సహజ రంగుల్ని స్పాంజ్ పిండిలో వెయ్యకు. సోడా తగిలితే పసుపు ఎర్రబడుతుంది, బ్లూబెర్రీ రసం పచ్చగా మారుతుంది. నేను ఊదారంగు స్పాంజ్ చేద్దామని వెళ్ళి నాచు పట్టిన గోడ రంగు తీసుకొచ్చా ఒకసారి. రంగంతా ఫ్రాస్టింగ్‌లోనే పెట్టు.

కొత్తచెయ్యి • సోమవారం రాత్రి 9:41
లక్క పురుగా!! మా ఇంట్లో ఉన్న వెండి పూసల డబ్బా ఇప్పుడే తిప్పి చూశా. ఇ904. పక్కన పెట్టేశా. రంగు గులాబీయే.

ఎందుకింతకష్టం • సోమవారం రాత్రి 10:00
కేక్ చెయ్యాలంటే కెమిస్ట్రీ డిగ్రీ కావాలన్నమాట.

నిర్వాహకుడు • సోమవారం రాత్రి 10:04
ఎందుకింతకష్టం గారూ, మీ పేరులోనే మీ అభిప్రాయం ఉంది, మళ్ళీ మళ్ళీ రాయక్కర్లేదు. దయచేసి విషయం మీద మాట్లాడండి.

కొత్తచెయ్యి • బుధవారం రాత్రి 10:30
రెండో ప్రయత్నం. టిన్‌లు మూడు వచ్చాయి, తూకం మిషన్ పక్కింటి వాళ్ళది. 170 దగ్గర 31 నిమిషాలు. గుంట లేదు! జిగురు లేదు! సబ్బు లేదు! వంటింట్లో నిలబడే ఒక పొర సగం తినేశాను. రెండు లోపాలు: మూడూ పైన కొద్దిగా ఉబ్బి ఉన్నాయి, టిన్‌లోంచి తీసేటప్పుడు ఒకటి అంచు విరిగింది.

వెనకగది • గురువారం ఉదయం 5:35
శుభం. సోమవారం రాస్తానని రాయలేదు, ఆర్డర్ల మధ్య కుదర్లేదు.

అంచు విరగడం: వేడిగా తీశారు. గుడ్డు లేని స్పాంజ్ వేడిమీద పసిపిల్ల లాంటిది, పట్టుకుంటే జారుతుంది. 15 నిమిషాలు టిన్‌లోనే ఉంచి, చుట్టూ చాకు తిప్పి, జాలీ మీద బోర్లించండి. పూర్తిగా చల్లారాక ప్లాస్టిక్ కవర్‌లో గాలి తగలకుండా చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. మర్నాడు కోస్తే పొడి రాలదు. మా దగ్గర తాజా స్పాంజ్‌కి ఎవరూ క్రీమ్ పూయరు, కొత్తగా చేరినవాళ్ళు పూస్తే తిట్లు తింటారు.

ఉబ్బు: టిన్ అంచు లోహం, అది ముందు వేడెక్కి అంచు పిండి ముందు గట్టిపడుతుంది, మధ్యది ఇంకా పొంగుతూ ఉంటుంది. పాత తువ్వాలు పట్టీలుగా చింపి తడిపి, నీళ్ళు పిండేసి, టిన్ చుట్టూ కట్టి పిన్ను పెట్టండి, సమంగా వస్తుంది. లేదా ఉబ్బిందాన్ని పళ్ళున్న బ్రెడ్ చాకుతో కోసి తినెయ్యండి, నేనైతే రెండోదే చేస్తా. పేర్చేటప్పుడు అన్నిటికన్నా పైన పెట్టే పొరని తలకిందులుగా పెట్టండి, టిన్ అడుగు వైపు నున్నగా ఉంటుంది కాబట్టి పైభాగం చదునుగా వస్తుంది.

కొత్తచెయ్యి • శనివారం సాయంత్రం 6:20
సరిగ్గా వారం ఉంది, కొత్త సమస్య. బటర్‌క్రీమ్. వీగన్ వెన్న 250 గ్రా., ఐసింగ్ షుగర్ 500 గ్రా., రెండు చెంచాల సోయా పాలు. మొదట బాగానే ఉంది, కొట్టే కొద్దీ విరిగిన పాలలా పలుకులు పలుకులుగా అయి కింద నీళ్ళు తేలాయి. డబ్బాలో వచ్చే, బ్రెడ్ మీద రాసుకునే రకం వాడాను. మొత్తం పారబోసే ముందు అడుగుతున్నా.

పిండిగిన్నె • శనివారం సాయంత్రం 6:28
పారబొయ్యకు!!! గిన్నె ఫ్రిజ్‌లో పెట్టు 20 నిమిషాలు.

ఓవెన్‌ముందుకుర్చీ • శనివారం సాయంత్రం 6:33
అక్క కేకలు పెడుతుంటే నేను వివరిస్తా. డబ్బాలోది మెత్తగా రాసుకోడానికి చేసింది, అందులో నీళ్ళు ఎక్కువ, కొవ్వు తక్కువ. చక్కెర ఆ నీళ్ళని లాగేస్తుంది, ఇంక కొవ్వు దాన్ని పట్టుకోలేదు. కాగితంలో చుట్టి గట్టి ముక్కగా వచ్చే రకం కొనండి, వెనక కొవ్వు 75 నుంచి 80 శాతం దాకా ఉందో లేదో చూడండి. దానికి పాలు కూడా మొదట పొయ్యకండి, చివర్లో గట్టిగా అనిపిస్తేనే అర చెంచా అర చెంచా.

ఇప్పుడు విరిగినదానికి: చల్లబడ్డాక మళ్ళీ కొట్టండి, చాలాసార్లు కలుస్తుంది. కలవకపోతే గుప్పెడు తీసి కాస్త కరిగించి, గోరువెచ్చగా ఉండగా మిగతాదాంట్లో పోస్తూ కొట్టండి. రెండూ పని చెయ్యకపోతే కేక్ పొరల మధ్య ఎలాగూ ఎవరికీ కనబడదు.

రంగులపెట్టె • శనివారం రాత్రి 8:10
500 గ్రాముల ఐసింగ్ షుగర్ అంటే పిల్లలకి ఇష్టమే కానీ పెద్దవాళ్ళు రెండో ముద్దకి పక్కన పెట్టేస్తారు. నేను కొన్నేళ్ళ కిందటే దాన్ని వదిలేసి పిండి ఉడికించే ఫ్రాస్టింగ్‌కి మారిపోయా. మైదా 40 గ్రా., చక్కెర 200 గ్రా., సోయా పాలు 240 మి.లీ. ఉండలు లేకుండా కలిపి, సన్నటి మంట మీద తిప్పుతూ జారుడు తగ్గి గట్టి గంజిలా అయ్యేదాకా ఉడికించాలి. మీగడ కట్టకుండా ప్లాస్టిక్ కవర్ దానికి అంటుకునేట్టు కప్పి పూర్తిగా, పూర్తిగా అంటే పూర్తిగా, చల్లార్చాలి. తర్వాత గట్టి వీగన్ వెన్న 225 గ్రా. తెల్లబడేదాకా కొట్టి, ఈ గంజి చెంచా చెంచా వేస్తూ కొట్టాలి. గాల్లో తేలినట్టుంటుంది. తీపి సగం. పాలూ వెన్నా పెట్టి చేసేది పాత పద్ధతే, వీగన్‌గా మారిస్తే తేడా కూడా తెలియదు, ఎందుకంటే ఇక్కడ గట్టిదనం పిండిది. ఒకటే లోపం, పదునైన అంచులు రావు, పైపింగ్ పూలు (క్రీమ్‌ని సంచిలోంచి నొక్కి పెట్టేవి) మరీ నిలబడవు.

తూకంరాళ్ళు • శనివారం రాత్రి 8:40
గది వేడి ఎంత ఉంటుందో చూసుకోండి. కొబ్బరి నూనె ఆధారంగా చేసిన వెన్నలు కొన్ని ఉన్నాయి, కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. వేడి గదిలో కేక్ టేబుల్ మీద అరగంట ఉంటే పూలు మోకాళ్ళ మీద కూర్చుంటాయి. అలాంటి చోట వెన్నలో మూడో వంతు తీసేసి గట్టి వెజిటబుల్ షార్ట్‌నింగ్ (వనస్పతి లాంటి కొవ్వు) వేసుకుంటే నిలబడుతుంది, నోట్లో కాస్త మైనం లాగా ఉంటుంది మరి. తప్పదు.

కొత్తచెయ్యి • శనివారం రాత్రి 9:05
ఫ్రిజ్‌లో పెట్టి కొడితే కలిసింది అక్కా. నమ్మలేకపోయా. గది 26 డిగ్రీలు. పొరల మధ్య ఉడికించిన ఫ్రాస్టింగ్, బయట మామూలు బటర్‌క్రీమ్ గట్టి వెన్నతో, అలా చేద్దామనుకుంటున్నా. శనగల నీళ్ళు కొడితే నురగ వస్తుందట కదా, పైన దాంతో పూలు పెట్టచ్చా?

ఓవెన్‌ముందుకుర్చీ • శనివారం రాత్రి 9:20
ఆక్వాఫాబా. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు. జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచ్ గాయకుడు 2014లో అది తెల్లసొనలా నురగ కడుతుందని బయటపెట్టాడు, 2015లో గూస్ వోల్ట్ అనే అమెరికన్ ఇంజనీరు ఆ నీళ్ళూ చక్కెరా చాలని చూపించి ఆ పేరు పెట్టాడు. అంతకుముందు మనందరం సింక్‌లో పారబోసిన మెరింగ్‌లు (చక్కెర వేసి కొట్టిన నురగ మిఠాయిలు) ఎన్నో! టిన్ అయితే ఉప్పు లేనిది తీసుకోండి. కానీ మొదటి కేక్‌కి దాని జోలికి పోవద్దు. తడి క్రీమ్ మీద పెట్టిన నురగ ఒక రాత్రిలో కరిగి జిగట కారుతుంది.

వెనకగది • శనివారం రాత్రి 11:50
ఆయన చెప్పింది నిజం. ఒక్క కేక్‌లో కొత్తవి మూడు పెట్టుకోకండి, మీకు చాక్లెట్ ధార ఎలాగూ కొత్తే.

ధారకి డార్క్ చాక్లెట్ 100 గ్రా. సన్నగా తరిగి, చిక్కటి కొబ్బరి క్రీమ్ 100 గ్రా. అంచున బుడగలు వచ్చేదాకా వేడి చేసి మీద పోసి రెండు నిమిషాలు కదపకండి. తర్వాత మధ్యలోంచి మెల్లిగా తిప్పండి. నూనె తేలితే గోరువెచ్చటి సోయా పాలు చెంచాడు వేసి తిప్పితే కలుస్తుంది. కేక్ ఫ్రిజ్ చల్లగా ఉండాలి, చాక్లెట్ మాత్రం గోరువెచ్చగా, 32 డిగ్రీల దగ్గర. వేలు పెడితే వేడీ చల్లా తెలియకూడదు. వేడిగా ఉంటే అడుగుదాకా పరిగెత్తి మడుగు కడుతుంది. ముందు కేక్ వెనకవైపు ఒక్క చుక్క వదిలి చూడండి, సగందాకా వచ్చి ఆగితే సరే.

కొత్తచెయ్యి • శుక్రవారం రాత్రి 11:12
ఎవరైనా మేలుకుని ఉన్నారా? కేక్ ఒరిగిపోతోంది. మూడు పొరలూ పేర్చాను, మధ్యలో స్ట్రాబెర్రీ జామ్ కూడా వేశాను (పిల్ల మధ్యాహ్నం ఫోన్ చేసి అడిగింది), పైనుంచి క్రీమ్ పూస్తుంటే రెండో పొర మెల్లగా పక్కకి జారుతోంది, జామ్ బయటకి వస్తోంది. చేత్తో పట్టుకుని ఒంటి వేలితో టైప్ చేస్తున్నా.

వెనకగది • శుక్రవారం రాత్రి 11:15
పూయడం ఆపండి. నిటారుగా నెట్టి, లావు స్ట్రాలు గానీ పొడవాటి వెదురు పుల్లలు గానీ రెండు పైనుంచి అడుగుదాకా గుచ్చండి. అలాగే ఫ్రీజర్‌లో పెట్టండి 20 నిమిషాలు. పట్టకపోతే ఫ్రిజ్‌లో గంట. వెళ్ళండి.

చిట్టిచీమ • శుక్రవారం రాత్రి 11:19
అయ్యో. నేనూ మేలుకునే ఉన్నా, ధైర్యంగా ఉండండి.

కొత్తచెయ్యి • శుక్రవారం రాత్రి 11:48
నిలబడింది!! స్ట్రాలు లేవు, పుల్లలు పెట్టాను. చేతులు వణుకుతున్నాయి. ఏం తప్పు చేశాను?

వెనకగది • శుక్రవారం రాత్రి 11:55
జామ్ అంచుదాకా పూశారు. ముందు పొర అంచు చుట్టూ గట్టి బటర్‌క్రీమ్‌తో గట్టు కట్టాలి, పైపింగ్ బ్యాగ్ లేకపోతే కవర్ మూల కత్తిరించి అయినా సరే, జామ్ ఆ గట్టు లోపలే ఉండాలి, అదీ పలచగా. లేకపోతే జామ్ అంటే సబ్బు నీళ్ళ మీద నడకే. ఇప్పుడు బయటికి వచ్చింది చాకుతో గీకెయ్యండి. పలచగా ఒక పూత చుట్టూ వెయ్యండి, స్పాంజ్ కనబడుతున్నా ఫర్వాలేదు, దాని పని రాలే కేక్ పొడిని పట్టి ఉంచడం. పొడి అంటిన క్రీమ్ మళ్ళీ గిన్నెలో కలపకండి, వేరే గిన్నె. అరగంట ఫ్రిజ్. తర్వాత అసలు పూత. స్క్రేపర్‌ని (క్రీమ్ నున్నగా చేసే రేకు) కదపకుండా నిటారుగా పట్టుకుని కేక్‌ని తిప్పండి, చాలామంది ఉల్టా చేస్తారు. పెద్దవాళ్ళకి పెట్టేటప్పుడు పుల్లలున్నాయని చెప్పండి, పిల్లల ముక్కలు కోసే ముందు పుల్లలు లాగెయ్యండి. మర్చిపోకండి.

రంగులపెట్టె • శనివారం ఉదయం 7:30
ఎలా ఉంది? పైన పూలు పెట్టే ఆలోచన ఉంటే, అంగట్లో అలంకరణకి అమ్మే పూలమీద మందులు కొడతారు, తినే వాటిమీద పెట్టొద్దు. గన్నేరు అసలే వద్దు, మొక్కంతా విషం. మందు కొట్టని గులాబీ రేకులు ఉంటే చాలు, లేదా బెర్రీలు, చాక్లెట్ తురుము. స్ట్రాబెర్రీలు కడిగి బాగా తుడిచి చివరి గంటలోనే పెట్టు, లేకపోతే గులాబీ క్రీమ్ మీద ఎర్ర కన్నీళ్ళు కారతాయి.

పిండిగిన్నె • శనివారం ఉదయం 8:05
తీసుకెళ్ళేటప్పుడు ఒళ్ళో పెట్టుకోకు, సీటు మీద వద్దు, సీటు వాలుగా ఉంటుంది. కారు ముందు భాగంలో కాళ్ళు పెట్టే చోట, అడుగున జారని గుడ్డ వేసి. ఫ్రిజ్‌లోంచి తీసి సరాసరి ఎక్కించు. అక్కడికి వెళ్ళాక తినడానికి గంట ముందు బయట పెట్టు, చల్లగా తింటే వీగన్ వెన్న గట్టిగా తగులుతుంది, స్పాంజ్ కూడా గట్టిపడినట్టుంటుంది.

కొత్తచెయ్యి • ఆదివారం ఉదయం 10:40
రాత్రి అలసిపోయి రాయలేదు. సరే, వినండి.

ధార ఒకవైపు అడుగుదాకా జారింది, నేను తొందరపడ్డాను, చాక్లెట్ ఇంకా వేడిగా ఉంది. వెనకవైపు ఒక్క చుక్క అని చెప్పినా ఆ ఒక్క చుక్కా బాగానే ఉందనుకుని ముందుకి వెళ్ళిపోయా. ఆ వైపు గోడకి తిప్పి పెట్టాం. రెండో పొర ఇంకా కాస్త ఎడమకే ఉంది, కోట అన్నారు కదా, వంగిన కోట. గులాబీ రంగు బీట్‌రూట్‌తో బ్రహ్మాండంగా వచ్చింది. పుల్లలు లాగి కోశాం, మూడు పొరలూ ముక్కలో విడివిడిగా కనిపించాయి, మా బావ లెక్కపెట్టాడు కూడా. పిల్ల మొదటి ముక్క తినకుండా ముందు చుట్టూ తిరిగి చూసింది, గోడవైపుకి కూడా వెళ్ళి, "మామయ్యా, ఇక్కడే ఎక్కువ చాక్లెట్ ఉంది, నాకు ఇక్కడ కొయ్యి" అంది. వచ్చిన పిల్లల్లో ఒకరికి పాలు పడవట, చిట్టిచీమ గారు చెప్పినట్టు ముందే ఫోన్ చేసి అడిగి, చాక్లెట్ ప్యాకెట్, వెన్న ప్యాకెట్ ఫోటోలు వాళ్ళమ్మకి పంపాను. ఆవిడ చూసి సరేనన్నాక ఆ అబ్బాయికీ పెట్టాం.

ఓవెన్‌ముందుకుర్చీ • ఆదివారం ఉదయం 10:52
ఫోటో ఎక్కడ సార్? గోడవైపుది కావాలి.

చిట్టిచీమ • ఆదివారం ఉదయం 11:15
ఫోన్ చేసినందుకు ఆ తల్లి తరఫున నేను థాంక్స్ చెప్తున్నా. పుట్టినరోజులకి మేం మా డబ్బా మేమే పట్టుకెళ్తాం ఎప్పుడూ.

కొత్తచెయ్యి • ఆదివారం ఉదయం 11:30
ఫోటో సాయంత్రం పెడతా, అక్క ఫోన్‌లో ఉంది. ఒక ప్రశ్న: నాలుగు ముక్కలు మిగిలాయి, వచ్చే వారం దాకా ఉంచచ్చా? రెండు ఫ్రీజర్‌లో పెట్టి, రెండు ఇప్పుడు బయటికి తీశాను.

వెనకగది • ఆదివారం మధ్యాహ్నం 12:05
ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు, అదీ మూత ఉన్న డబ్బాలో, లేకపోతే కోసిన వైపు ఎండుతుంది. ఫ్రీజర్‌లోవి ఒక్కో ముక్కా విడిగా గట్టిగా చుట్టి పెడితే నెల దాకా బాగుంటాయి. తీసినప్పుడు చుట్టిన కవర్ విప్పకుండానే ఫ్రిజ్‌లో కరగనివ్వాలి, విప్పితే గాల్లో తడి క్రీమ్ మీద చేరి జిగటగా అవుతుంది.

కొత్తచెయ్యి • ఆదివారం మధ్యాహ్నం 12:09
ఒకటి విప్పేశాను అప్పుడే. తినేశాను కూడా.